ఆరో నంబరు నియోజకవర్గం: అట్లాంటా శివారుల ఓటు చరిత్ర

భూగోళాన్నీ రాజనీతినీ విడదీసి చదవకూడదని జీవితమంతా విద్యార్థులకు చెప్పిన ఒక అధ్యాపకుని స్మృతిలో మనం ఇవాళ కలుసుకున్నాం. ఆ మాటకు తగిన విషయంగా అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఆరో కాంగ్రెస్ నియోజకవర్గాన్ని ఎంచుకున్నాను. అట్లాంటా నగరానికి ఉత్తరాన ఉన్న ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమింగ్ అనే ఊళ్ల పేర్లు ఈ హాల్లో చాలామందికి కొత్త కాదు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఊళ్లు ఒకప్పుడు రిపబ్లికన్ల కంచుకోట. తర్వాత కొంతకాలం డెమోక్రాట్ల గెలుపుకు గుర్తు. ఆపైన మళ్లీ రిపబ్లికన్ ప్రతినిధినే పంపుతున్నాయి. ఈ మార్పులు చూసి శివారు ఓటరు మనసు నిలకడ లేనిదని పత్రికలు రాస్తుంటాయి. నా వాదన వేరు. శివారు ఓటును అన్నిటికన్నా ముందు నిర్ణయించేది అక్కడ ఎవరికి ఇల్లు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్న సంగతి. ఆ నివాసాల లెక్క నిదానంగా, ఒక్కోసారి ఇరవై ముప్పై ఏళ్లకు, ఓట్లలో తేలుతుంది. తేలిన వెంటనే నియోజకవర్గపు సరిహద్దు గీత కదులుతుంది. ఓటరు మనసు మారడం నిజమే కాని, నంబరును పట్టుకుని చరిత్ర చదివేవారు ఆ ఒక్కదాన్నే చూసి మిగతా రెంటినీ వదిలేస్తారు.

జార్జియాలో గీతల తగాదా శివారుల కన్నా పాతది. రాష్ట్రంలో 159 కౌంటీలు ఉన్నాయి. 1960ల దాకా అక్కడ గవర్నరు మొదలైన పదవులకు జరిగే ప్రైమరీలలో జనం ఓట్లను కాక కౌంటీ యూనిట్లను లెక్కించేవారు. పెద్ద కౌంటీలు ఎనిమిదింటికి ఆరేసి, మధ్యరకం ముప్పైకి నాలుగేసి, మిగిలిన 121 చిన్న కౌంటీలకు రెండేసి యూనిట్లు. అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీలో లక్షల మంది ఉన్నా దాని విలువ మూడు పల్లె కౌంటీల పాటి. ఆ రోజుల్లో డెమోక్రాటిక్ ప్రైమరీలో గెలిస్తే పదవి వచ్చినట్టే కాబట్టి, రాష్ట్రాన్ని పల్లె పెత్తందార్లు ఏలారనడం అతిశయోక్తి కాదు. 1963లో సుప్రీంకోర్టు గ్రే వర్సెస్ సాండర్స్ కేసులో ఈ పద్ధతిని కొట్టివేసింది. మరుసటి ఏడు వెస్‌బెరీ వర్సెస్ సాండర్స్ కేసు కాంగ్రెస్ నియోజకవర్గాల మీద వచ్చింది. అట్లాంటా ప్రాంతపు అయిదో నియోజకవర్గంలో 8,23,680 మంది, ఉత్తర కొండల్లోని తొమ్మిదో నియోజకవర్గంలో 2,72,154 మంది. రెండింటికీ ఒక్కొక్క ప్రతినిధే. ఇది చెల్లదని, కాంగ్రెస్ నియోజకవర్గాల జనాభా వీలైనంత సమంగా ఉండాలని కోర్టు తీర్పు చెప్పింది. ఒక మనిషికి ఒక ఓటు అన్న సూత్రం దేశమంతటికీ అట్లాంటా కేసుల నుంచే వెళ్లిందన్నమాట. ఆ తీర్పు జనాభాను సమం చేయమంది కాని గీత గీసే చెయ్యి ఎవరిదో చెప్పలేదు. మిగతా కథంతా ఆ మౌనంలోనే నడిచింది.

తీర్పు వచ్చిన కాలంలోనే నగరం కింద నేల కదలడం మొదలైంది. బడుల్లో, పార్కుల్లో, నివాస వీధుల్లో జాతి వేర్పాటు రద్దవుతుంటే తెల్లవారు నగరం వదిలి వెళ్లారు. 1960లలో సుమారు 60 వేల మంది, 1970లలో దాదాపు లక్ష మంది. చరిత్రకారుడు కెవిన్ క్రూస్ 2005లో అట్లాంటా మీద రాసిన పుస్తకం ఈ వలసను కేవలం జనాభా గణాంకంగా కాక ఒక రాజకీయం పుట్టుకగా చూపించింది. బాహాటంగా జాతి పేరు ఎత్తే భాష తగ్గి, ఇంటి విలువ, బడి నాణ్యత, పన్నుల భారం, స్థానిక స్వేచ్ఛ అనే భాష వచ్చింది. ఈ మాటలన్నీ బూటకాలని నేను అనను. పన్ను గురించి దిగులుపడ్డ మనిషి నిజంగానే పన్ను గురించి దిగులుపడ్డాడు. కాని ఆ దిగులుకు ఒక పటం ఉంది, దాన్ని రవాణా ఓటింగులో చూడవచ్చు. నగరానికి మెట్రో రైలు, బస్సుల సంస్థ మార్టాను ఏర్పాటు చేయాలనుకున్నప్పుడు 1965లో కాబ్ కౌంటీ కాదంది. 1971లో ఫుల్టన్, డెకాల్బ్ ఔనన్నాయి, గ్విన్నెట్, క్లేటన్ కాదన్నాయి. రైలు వస్తే నగరం నుంచి ఎవరు వస్తారో అన్న భయం ఆనాటి ప్రచారంలో దాచుకున్నది కాదు. ఆ విధంగా రైలు అయిదు కౌంటీలకు బదులు రెండింటికే పరిమితమై, శివారులు హైవేల మీద పెరిగాయి. వాటిలో చెప్పుకోవలసింది జార్జియా 400. అది నగరం నుంచి ఉత్తరానికి, ఫోర్సైత్ కౌంటీ మీదుగా కొండల దాకా పోతుంది. ఇదే కాలంలో కాబ్ కౌంటీ సంపదకు పెద్ద ఆధారం మారియెటాలో సైనిక విమానాలు చేసే లాక్‌హీడ్ కర్మాగారం, అంటే ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టులు. చిన్న ప్రభుత్వం కావాలని గట్టిగా ఓటేసిన చోట జీతాలు పెద్ద ప్రభుత్వం నుంచి వచ్చేవి. శివారు అన్నది సొంత కష్టంతో, సొంత ఎంపికతో మాత్రమే వెలిసిన ఊరు కాదని గుర్తుంచుకోవడానికి ఈ సంగతి అవసరం.

ఇక ఆరో నంబరు దగ్గరికి వద్దాం. ఈ సీటు పేరు చెప్పగానే గుర్తుకొచ్చే న్యూట్ గింగ్రిచ్ మొదట గెలిచింది ఉత్తర శివారుల్లో కాదు. కారల్టన్‌లోని కళాశాలలో చరిత్ర పాఠాలు చెబుతూ 1974లో, 1976లో ఓడి, 1978లో గెలిచిన ఆయన నియోజకవర్గం అట్లాంటాకు దక్షిణాన, పడమర ఉండేది. 1990లో ఆయన కేవలం 974 ఓట్లతో గట్టెక్కాడు. ఆ తర్వాతి పునర్విభజనలో, శాసనసభ తమ చేతిలో ఉన్న డెమోక్రాట్లు ఆయన సీటును ముక్కలు చేసి పక్క నియోజకవర్గాల్లో కలిపేశారు. ఆరో నంబరును తీసుకెళ్లి కాబ్, ఉత్తర ఫుల్టన్, చెరొకీ వైపు పెట్టారు. గింగ్రిచ్ ఇల్లు మార్చి ఆ కొత్త చోట పోటీ చేసి, 1992 ప్రైమరీలో 980 ఓట్లతో బయటపడ్డాడు. ఆపైన ఆయనకు ఎదురు లేకపోయింది. ఆయన్ని దించాలని గీసిన గీతే ఆయనకు దేశంలోనే పదిలమైన సీట్లలో ఒకదాన్ని ఇచ్చింది. 1994లో రిపబ్లికన్లు నలభై ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభను గెలుచుకోగా, 1995 జనవరిలో ఆయన స్పీకరయ్యాడు. ఆయన తర్వాత 1999 ఉప ఎన్నికలో జానీ ఐజాక్‌సన్, 2004లో టామ్ ప్రైస్ సునాయాసంగా గెలిచారు. కాబట్టి ఆరో నియోజకవర్గం 1978 నుంచి నలభై ఏళ్లు రిపబ్లికన్లదే అనే వాక్యం అక్షరాలా నిజం, భూగోళపరంగా అర్థం లేనిది. మొదటి పద్నాలుగేళ్ల ఓటర్లకూ తర్వాతి కాలపు ఓటర్లకూ సంబంధం ఒక్క నంబరే.

ఉత్తర శివారుల్లో అసలు మార్పు బ్యాలెట్ల మీద కనిపించక ముందే ఇళ్లలో జరిగిపోయింది. గ్విన్నెట్ కౌంటీలో 1970లో సుమారు 72 వేల మంది ఉండేవారు. 1990కి మూడున్నర లక్షలయ్యారు, వారిలో పదింట తొమ్మిది మంది తెల్లవారు. 2020 జనగణనలో 9,57,062 మంది, తెల్లవారి వాటా మూడో వంతుకు దిగింది. 1996 ఒలింపిక్స్ ముందు నిర్మాణ పనులకు వచ్చిన లాటినోలు, కొరియన్ వ్యాపారులు, ఉత్తరాది నగరాల నుంచి దక్షిణానికి తిరిగొచ్చిన నల్లజాతి మధ్యతరగతి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చిన భారతీయులు, అందరూ వెతుక్కున్నది ఒకప్పుడు నగరం వదిలి వచ్చినవారు వెతుక్కున్నదే: మంచి బడి, కొనగలిగిన ఇల్లు. తెలుగువారి విషయంలో ఒక చిన్న భౌగోళిక ఆనవాలు చెబుతాను. తొలితరం భారతీయులు వేంకటేశ్వరుని గుడి కట్టుకున్న రివర్‌డేల్ అట్లాంటాకు దక్షిణాన క్లేటన్ కౌంటీలో ఉంది. తర్వాతి తరం ఇళ్లు చాలామటుకు ఉత్తరాన జార్జియా 400 వెంట ఉన్నాయి. ఒక సమాజం ముప్పై ఏళ్లలో నగరం ఈ కొస నుంచి ఆ కొసకు ఎలా జరిగిందో ఆ రెండు చిరునామాలు చెబుతాయి.

ఫోర్సైత్ కౌంటీ దగ్గర కొంచెం ఆగాలి. 1912లో ఒక అత్యాచారం, హత్య ఆరోపణల నేపథ్యంలో తెల్లవారి మూకలు ఆ కౌంటీలోని నల్లజాతి వారందరినీ, సుమారు 1,100 మందిని, ఇళ్ల నుంచి, పొలాల నుంచి, చర్చీల నుంచి తరిమేశాయి. ఆ తర్వాత డెబ్బై అయిదేళ్ల పాటు అక్కడ నల్లజాతి వారు దాదాపు లేరు. 1987 జనవరిలో హోసియా విలియమ్స్ నడిపించిన ఊరేగింపు మీద రాళ్లు పడ్డాయి. వారం తిరిగేసరికి సుమారు 20 వేల మంది మళ్లీ నడిచారు. 1990లో అక్కడి జనాభా 44,083. 2020లో 2,51,283, అందులో దాదాపు అయిదో వంతు ఆసియా మూలాలవారు. ఇవాళ ఈ కౌంటీలోని కమింగ్‌లో మనవారు కొన్న ఇంటి స్థలం వెనుక ఈ చరిత్ర ఉంది. అది వారి నేరం కాదు, కాని వారికి తెలియవలసిన విషయం. ఖాళీగా, ప్రశాంతంగా కనిపించిన నేల అలా ఉండటానికి ఒక కారణం ఉంది. ఎవరు నివసించగలిగారన్నదే ముందు ప్రశ్న అని నేను అనడం ఇందుకే.

ఓట్లు చూద్దాం. 2012లో ఆరో నియోజకవర్గంలో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మిట్ రామ్నీకి దాదాపు 61 శాతం వచ్చింది. 2016లో అవే సరిహద్దుల్లో డొనాల్డ్ ట్రంప్ ఆధిక్యం ఒకటిన్నర శాతానికి పడిపోయింది. ఆ ఏడే కాబ్, గ్విన్నెట్ కౌంటీలు 1976లో జిమ్మీ కార్టర్ తర్వాత మొదటిసారి డెమోక్రాట్ అభ్యర్థికి మొగ్గాయి. టామ్ ప్రైస్ మంత్రి కావడంతో 2017లో వచ్చిన ఉప ఎన్నికలో డెమోక్రాట్ జాన్ ఆసఫ్ తొలి దఫాలో 48.1 శాతం తెచ్చుకుని, రనాఫ్‌లో రిపబ్లికన్ కారెన్ హాండెల్ చేతిలో దాదాపు నాలుగు శాతం తేడాతో ఓడాడు. ఇరుపక్షాలూ కలిసి అయిదు కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టిన ఆ పోరు, అప్పటికి ప్రతినిధుల సభ చరిత్రలోకెల్లా ఖరీదైనది. 2018లో, కొడుకును తుపాకీ కాల్పుల్లో పోగొట్టుకుని ఆయుధ నియంత్రణ ఉద్యమంలోకి వచ్చిన డెమోక్రాట్ లూసీ మెక్‌బాత్ మూడు వేల పైచిలుకు ఓట్లతో హాండెల్‌ను ఓడించింది. పక్కనున్న ఏడో నియోజకవర్గంలో రిపబ్లికన్ రాబ్ వుడాల్ 433 ఓట్లతో బతికి బయటపడ్డాడు. 2020లో ఆ సీటు డెమోక్రాట్ కరొలిన్ బోర్డోకు దక్కింది. ఆ నవంబరులోనే జో బైడెన్ జార్జియాను 11,779 ఓట్లతో గెలిచాడు.

ఇక్కడ నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. 2012లో ఇరవై మూడు శాతంగా ఉన్న ఆధిక్యం 2016కి ఒకటిన్నరకు పడిపోయిందంటే, నాలుగేళ్లలో జనాభా అంతగా మారదు కదా? ఉన్న మనుషులే మనసు మార్చుకున్నారు, చదువుకున్న తెల్లవారు ట్రంప్‌ను చూసి దూరమయ్యారు, అంతే కదా? పైగా అదే 2016లో ప్రైస్ 61 శాతానికి పైగా తెచ్చుకున్నాడు, కాబట్టి వారికి పార్టీ మీద కాదు, ఒక వ్యక్తి మీదే అసంతృప్తి. ఈ అభ్యంతరంలో నిజముంది, దాన్ని తోసిపుచ్చను. పెద్దల్లో ఇంచుమించు అరవై శాతం మందికి డిగ్రీలున్న నియోజకవర్గం అది. ఆ వర్గం కదలకుండా 2018 ఫలితం రాదు. కాని ఆ కదలిక ఒక్కటే చాలేది కాదు. ఇరవై ఏళ్లుగా పెరుగుతూ వచ్చిన కొత్త నివాసుల ఓటు అడుగున లేకపోతే, ఎంతమంది ట్రంప్‌ను వద్దనుకున్నా మూడు వేల మెజారిటీ ఎదుటి పక్షానికి చేరేది కాదు. ఫోర్సైత్ కౌంటీనే తీసుకోండి. అక్కడ రామ్నీకి 80 శాతం, 2016లో ట్రంప్‌కు 71, 2020లో 66. రిపబ్లికన్లకు వచ్చిన ఓట్ల సంఖ్య పెరుగుతూనే వాటా తగ్గింది. పాతవారు పోవడం వల్ల కాక కొత్తవారు చేరడం వల్ల వచ్చిన తరుగుదల అది. అయినా అక్కడ గెలుపు రిపబ్లికన్లదే, 2024లోనూ వాటా దాదాపు అక్కడే నిలిచింది. కొత్తగా వచ్చినవారందరూ ఒకే పార్టీ సొత్తు అనుకోవడం కూడా పొరపాటే.

మనసు మార్పును అతిగా నమ్మేవారికి మరో ఆధారం చూపిస్తాను. 2020 నవంబరులో గ్విన్నెట్ ఓటర్లు బైడెన్‌కు పద్దెనిమిది శాతం దాకా ఆధిక్యం ఇచ్చారు. అదే బ్యాలెట్ మీద ఉన్న రవాణా విస్తరణ పన్నును వెయ్యి పైచిలుకు ఓట్లతో తిరస్కరించారు. 2019లో తిరస్కరించారు, 2024లోనూ కాదన్నారు. పార్టీ మారింది, జనం మారారు, ఇంటి చుట్టూ గీసుకున్న గీత మాత్రం 1971 నాటి చోటికి దూరం జరగలేదు. దీన్నంతా జాతి భయమని ఇవాళ అనలేం. కారు మీద కట్టిన ఊళ్లో బస్సు కోసం పన్ను కట్టడానికి కొత్తవారికీ కారణం కనిపించదు. ఊరి నిర్మాణమే ఓటరు తర్కాన్ని నిర్ణయిస్తుందని నాకు ఈ ఉదాహరణ చెబుతోంది. 2014లో క్లేటన్ మాత్రం పాత నిర్ణయాన్ని తిరగరాసి మార్టాలో చేరింది. అప్పటికి అక్కడ మెజారిటీ నల్లజాతి వారు, కారు లేని కుటుంబాలూ ఎక్కువే.

నివాసాల లెక్క ఓట్లలో తేలిన మూడేళ్లకే గీత కదిలింది. 2021లో రిపబ్లికన్ శాసనసభ ఆరో నియోజకవర్గం నుంచి డెకాల్బ్ ఊళ్లను తీసేసి, ఫోర్సైత్, డాసన్ కౌంటీలను కలిపింది. మెక్‌బాత్ పక్కనున్న ఏడుకు మారి, సొంత పార్టీకే చెందిన బోర్డోను 2022 ప్రైమరీలో ఓడించవలసి వచ్చింది. ఆరులో రిపబ్లికన్ రిచ్ మెకార్మిక్ అరవై శాతం దాటి గెలిచాడు. రాష్ట్రం మొత్తం మీద డెమోక్రాట్లు బలపడ్డ కాలంలో, ప్రతినిధుల లెక్క రిపబ్లికన్ల పక్షాన ఎనిమిదికి ఆరు నుంచి తొమ్మిదికి అయిదుకు వెళ్లింది. 2023 అక్టోబరులో ఫెడరల్ న్యాయమూర్తి స్టీవ్ జోన్స్, ఈ పటం ఓటింగ్ హక్కుల చట్టాన్ని ఉల్లంఘించిందని, అట్లాంటా పడమటి శివారుల్లో నల్లజాతి ఓటర్లు మెజారిటీగా ఉండే మరో నియోజకవర్గం కావాలని తీర్పిచ్చాడు. శాసనసభ ఆరో నంబరును తీసుకెళ్లి పడమట కొత్త సీటుకు పెట్టింది. అదే సమయంలో, జాతుల కలగలుపుగా ఉన్న ఏడో నియోజకవర్గాన్ని విప్పేసి గ్విన్నెట్‌ను పలు సీట్లకు పంచింది, ఏడో నంబరును ఫోర్సైత్, ఉత్తర కొండల వైపు చేర్చింది. 2024లో మెక్‌బాత్ కొత్త ఆరులో, మెకార్మిక్ కొత్త ఏడులో గెలిచారు. లెక్క మళ్లీ తొమ్మిదికి అయిదే. ఆల్ఫరెటాలో ఇల్లు కదలకుండా కూర్చున్న ఓటరుకు ఇన్ని మార్పులు జరిగాయి. వాటిలో ఆయన మనసు మార్పు ఎంత?

రెండు పార్టీలూ చేసేదే కదా అని ఊరుకునేవారున్నారు. చేశాయి. గింగ్రిచ్ సీటును నరికింది డెమోక్రాట్లు. 2001లో వారు గీసిన పటాలు ఎంత వికృతంగా ఉన్నాయంటే, శాసనసభ సీట్ల పటాన్ని 2004లో కోర్టు కొట్టేసింది. కాని ఇద్దరూ చేశారన్నది తప్పును సగం చేయదు, బాధితుల సంఖ్యను రెట్టింపు చేస్తుంది. మరో అభ్యంతరం దీనికన్నా లోతైనది: జాతి ప్రాతిపదికన సీటు గీయమని కోర్టు ఆదేశించడం మాత్రం గీతల రాజకీయం కాదా? 1995లో మిల్లర్ వర్సెస్ జాన్సన్ కేసులో, అట్లాంటా శివారు నుంచి 260 మైళ్ల దూరంలోని సవానా దాకా సాగదీసిన జార్జియా పదకొండో నియోజకవర్గాన్ని సుప్రీంకోర్టు ఈ కారణంతోనే కొట్టేసింది. నేను ఇక్కడ తేడా చూస్తున్నాను. పడమటి శివారుల్లో నల్లజాతి కుటుంబాలు పక్కపక్కనే ఉన్నాయి, వాటిని కలపడానికి గీత సాగదీయనక్కరలేదు, విడదీయడానికే సాగదీయాలి. అయితే 2019లో రూషో వర్సెస్ కామన్ కాజ్ తీర్పులో, పార్టీ ప్రయోజనం కోసం గీసిన గీతల మీద ఫెడరల్ కోర్టులు తీర్పు చెప్పలేవని సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో గీసినవారు మేము జాతిని చూడలేదు, పార్టీనే చూశాం అంటే చాలు. జాతీ పార్టీ ఒకే వీధిలో కాపురముండే రాష్ట్రంలో ఇది ఎంత పెద్ద దారి తెరిచిందో ఊహించవచ్చు.

మన దేశంలో గీత గీసేది పార్టీలు కావు, పునర్విభజన సంఘం. జస్టిస్ కుల్దీప్ సింగ్ సంఘం గీసినవే 2009 నుంచి తెలుగు నేల మీది లోక్‌సభ సీట్లు. ఇది మన పద్ధతిలోని మేలు. కాని రాష్ట్రాల మధ్య సీట్ల పంపకం 1971 జనాభా దగ్గరే ఆగింది, హైదరాబాద్ శివారుల మల్కాజిగిరిలో 2019 నాటికే 31 లక్షల మందికి పైగా ఓటర్లు పేరుకున్నారు. జార్జియాలో 2021 పటం గీసినప్పుడు ఒక్కో సీటుకు 7,65,136 మంది, తేడా ఒకరో ఇద్దరో. జనాభాను ఒక్క మనిషి తేడా లేకుండా సమం చేసి కూడా ప్రాతినిధ్యాన్ని వంకర చేయవచ్చని ఆ రాష్ట్రం చూపింది. మనం సంఖ్యల సమానతను మాత్రమే కోరుకుంటే చాలదని తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఆ 7,65,136లో తెలుగువారు ఏ విధంగా ఉన్నారన్నది నాకు ముఖ్యమనిపించే ప్రశ్న. జనగణన ప్రతి నివాసినీ లెక్కిస్తుంది, పౌరసత్వం అడగదు. మొత్తం జనాభాను ఆధారంగా తీసుకోవడం చెల్లుతుందని 2016లో ఎవెన్‌వెల్ వర్సెస్ ఆబట్ తీర్పు చెప్పింది. కాబట్టి హెచ్-1బీ వీసా మీద ఉన్న కుటుంబం నియోజకవర్గాన్ని నింపుతుంది, దానికి ఓటుండదు. దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల గ్రీన్‌కార్డు కోసం దశాబ్దాలు వేచి ఉండేవారు, పన్నులు కడుతూ, పిల్లల్ని బడికి పంపుతూ, ఇతరుల ఓటు బరువు పెంచుతూ బతుకుతున్నారు. నివాసానికీ ఓటుకూ మధ్య ఆలస్యం ఉంటుందని మొదట అన్నాను. మనవారి విషయంలో ఆ ఆలస్యాన్ని చట్టమే పొడిగించింది. అక్కడ పుట్టిన పిల్లలు మాత్రం పుట్టుకతో పౌరులు. 2014లో జాన్స్ క్రీక్‌లో పుట్టిన బిడ్డ 2032లో ఓటేస్తుంది. 2030 జనగణన తర్వాత గీసే పటం మీద జరగబోయే మొదటి కాంగ్రెస్ ఎన్నిక అదే.

ఆ పటాన్ని గీసేది 2031 నాటి జార్జియా శాసనసభ. 2021లో కమిటీలు ఊరూరా ప్రజాభిప్రాయ సభలు పెట్టాయి, కాని ముసాయిదా పటం బయటికి రాకముందే. ఎదుట లేని పటం గురించి జనం మాట్లాడి వెళ్లారు, తర్వాత పటం కొద్ది వారాల్లోనే చట్టమైంది. ముసాయిదా వచ్చాక కూడా ఊళ్లలో సభలు జరగాలని, ఏ కౌంటీని ఎందుకు చీల్చారో రాతపూర్వకంగా చెప్పాలని అడిగే హక్కు అక్కడి నివాసులకు ఉంది. ఆ సభలో లేచి మాట్లాడటానికి ఓటరు కార్డు అక్కరలేదు. పండుగలకు వేల మందిని ఒకచోట చేర్చగల మన సంఘాలు ఆ సంవత్సరం కౌంటీ పటాలు పట్టుకుని ఆ సభలకు వెళ్లాలి. తమ వీధి ఏ వీధితో కలిసి ఉండాలో, 1912లో తరిమివేతకు గురైనవారి వారసులూ నేటి పొరుగువారూ ఏ గీత కోరుతున్నారో వారితో కలిసి చెప్పాలి.